ఇన్‌సైడ్ ఫిఫ్టీలు 69, గోల్స్ 7: మెల్‌బోర్న్ డీమన్స్ ప్రతిసారీ అక్కడే ఎందుకు ఆగిపోయింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆస్ట్రేలియాకి చదువుకోడానికి వచ్చాక ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, అలవాటైంది, డీమన్స్ ఫ్యాన్ అయ్యారు. 2021లో కప్పు కొట్టిన టీమ్, దాదాపు అదే ప్లేయర్స్, మరి 2022లోనూ 2023లోనూ ఫైనల్స్‌లో (సీజన్ ఆఖర్లో పాయింట్ల పట్టికలో పైనున్న టీమ్‌ల మధ్య జరిగే మ్యాచ్‌ల్లో) రెండేసి మ్యాచ్‌లు వరసగా ఓడి ఇంటికెళ్ళిపోయారు. చూస్తున్నంతసేపు బాల్ వీళ్ళ దగ్గరే ఉన్నట్టుంటుంది, స్కోరు మాత్రం కదలదు. ఇది బ్యాడ్ లక్కా, కిక్కింగ్ సరిగా లేకపోవడమా, కోచ్ లోపమా? టీవీలో చూసేటప్పుడు ఏం గమనిస్తే ఇది తెలుస్తుంది? అని.

ముందు సూటిగా సమాధానం చెప్పేస్తా. లక్ పాత్ర కొంత ఉంది, కానీ అసలు సమస్య బాల్ ఫార్వర్డ్ ఫిఫ్టీలోకి, అంటే అవతలి గోల్ ముందున్న 50 మీటర్ల ప్రాంతంలోకి, వెళ్ళే పద్ధతిలో ఉంది. దూరంగా, ఎత్తుగా, ఎక్కువసార్లు బౌండరీ పక్కనుంచి, అవతలి డిఫెండర్లు ముందే వచ్చి నిలబడ్డ చోటికి కొట్టేస్తారు. పైగా అది చేతకాక వచ్చిన అలవాటు కాదు, కప్పు తెచ్చిన గేమ్ ప్లాన్‌లోనే ఉన్న భాగం, అందుకే మనుషుల్ని మార్చినా అది పోలేదు.

నా సంగతి చెప్పాలంటే, మెల్‌బోర్న్ పడమటి సబర్బ్స్‌లో ఒక లోకల్ క్లబ్‌లో చాలా ఏళ్ళుగా జూనియర్స్‌కి, రిజర్వ్స్‌కి కోచింగ్ చేస్తున్నా, మ్యాచ్ రోజు బాల్ ఎక్కడి నుంచి లోపలికి వెళ్ళింది, ఎక్కడ పడింది, ఏమైంది అని చార్ట్ రాసే పని కూడా నాదే. ఏఎఫ్ఎల్ (డీమన్స్ ఆడే పై స్థాయి లీగ్) క్లబ్ లోపలి మనిషిని కాదు, కాబట్టి కింద రాసేదంతా స్టాండ్స్‌లోంచి, రీప్లేల్లోంచి కనిపించేదే.

ఫుటీ కొత్తగా చూసేవాళ్ళు కూడా ఇది చదువుతారేమో, రెండు ముక్కలు చెప్తా. ఒక్కో టీమ్‌కి గ్రౌండ్ మీద 18 మంది. నడి పోస్టుల మధ్య నుంచి కొడితే గోల్, 6 పాయింట్లు, పక్క పోస్టుల మధ్యలోకి పోతే బిహైండ్, 1 పాయింట్. ఆఫ్‌సైడ్ లేదు, అంటే 36 మందీ ఒకే వైపుకి వచ్చేసినా ఎవరూ ఆపరు. గోల్ నుంచి 50 మీటర్ల దగ్గర గీసిన ఆర్క్ లోపలికి బాల్ తీసుకెళ్తే అది ఒక ఇన్‌సైడ్ ఫిఫ్టీ. కిక్ చేసిన బాల్‌ని నేల తాకకముందే పట్టుకుంటే మార్క్, పట్టినవాడు ఆగి నింపాదిగా గోల్‌కి కొట్టేది సెట్ షాట్.

ఇప్పుడు 2023 క్వాలిఫయింగ్ ఫైనల్ చూడండి, కాలింగ్‌వుడ్ మీద, ఎంసీజీలో. మెల్‌బోర్న్ ఇన్‌సైడ్ ఫిఫ్టీలు 69, కాలింగ్‌వుడ్‌వి 37. స్కోరు మెల్‌బోర్న్ 7.11 (7 గోల్స్, 11 బిహైండ్స్) అంటే 53, కాలింగ్‌వుడ్ 9.6 అంటే 60. దాదాపు రెట్టింపు సార్లు లోపలికెళ్ళి 7 పాయింట్లతో ఓడిపోయారు. లెక్కేస్తే మెల్‌బోర్న్ నాలుగు సార్లు లోపలికెళ్తే ఒకసారి స్కోర్ వచ్చింది, కాలింగ్‌వుడ్‌కి రెండున్నర సార్లకే ఒకటి వచ్చింది, అదీ రష్డ్ బిహైండ్స్ (డిఫెండరే బాల్‌ని గీత దాటించేస్తే వచ్చే బిహైండ్స్) కూడా కలుపుకుని.

తర్వాతి వారం సెమీ ఫైనల్, కార్ల్‌టన్ మీద. మెల్‌బోర్న్ 9.17, అంటే 71. కార్ల్‌టన్ 11.7, అంటే 73. ఆఖర్లో బ్లేక్ ఏకర్స్ గోల్‌తో సీజన్ అయిపోయింది. ఇక్కడ చాలామంది "అబ్బా, 17 బిహైండ్స్, గోల్ కిక్కింగ్ ప్రాక్టీస్ చేసుంటే గెలిచేవాళ్ళు" అన్నారు, నేను దాంతో సగమే ఒప్పుకుంటా. సెట్ షాట్స్ మిస్సయ్యాయి, నిజమే. కానీ ఆ షాట్స్ ఎక్కడి నుంచి కొట్టారో కూడా చూడాలి కదా. గోల్‌కి ఎదురుగా 30 మీటర్ల నుంచి కొట్టే షాట్ వేరు, బౌండరీ పక్కన పాకెట్‌లో మార్క్ పట్టి ఇరుకు కోణంలో కొట్టే షాట్ వేరు. మంచి కిక్కర్ కూడా రెండో రకంలో సగం మిస్ చేస్తాడు. బాల్ పాకెట్ వైపే వెళ్తూ ఉంటే బిహైండ్సే పోగవుతాయి, దాన్ని ఒక్క కిక్కింగ్ కోచ్ బాగుచేయలేడు. ఇంకొకటి, ప్రతి బిహైండ్ తర్వాత బాల్ అవతలి టీమ్ చేతికే వెళ్తుంది, అంటే 1 పాయింట్ తీసుకుని పొజెషన్ ఇచ్చేసినట్టు.

లక్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. ఆ ఫైనల్స్ నాటికి ఫార్వర్డ్ లైన్ గాయాలతో ఖాళీ అయిపోయింది. హారిసన్ పెటీ పాదం గాయంతో లేడు, చివరి రౌండ్‌లో జేక్ మెల్క్‌షమ్ మోకాలు పోయింది, సెమీకి జేకబ్ వాన్ రోయెన్ సస్పెన్షన్, క్వాలిఫయింగ్ ఫైనల్ మొదట్లోనే ఆంగస్ బ్రేషా తలకి దెబ్బ తగిలి వెళ్ళిపోయాడు, ఆ తర్వాత అతని కెరీరే ఆగిపోయింది. ఇంతమంది లేకుండా రెండు మ్యాచ్‌లు కలిపి 9 పాయింట్లతో ఓడారంటే ఆ టీమ్ గట్టిదే. నేను ఆ ఆటగాళ్ళని తక్కువ చేయట్లేదు. కానీ గాయాలు అంతగా లేని 2022లో కూడా ఇదే జరిగింది కదా. ఆ ఏడాది మొదటి 10 మ్యాచ్‌లూ గెలిచారు, లాడర్‌లో (పాయింట్ల పట్టికలో) రెండో స్థానం, చివరికి సిడ్నీ చేతిలో 22 పాయింట్లు, బ్రిస్బేన్ చేతిలో 13 పాయింట్ల తేడాతో రెండూ సొంత గ్రౌండ్ ఎంసీజీలోనే ఓడారు. ఒకసారి జరిగితే లక్ అనొచ్చు.

సరే, ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? అప్పటి కోచ్ సైమన్ గుడ్‌విన్ టీమ్ బలం వెనకాల, డిఫెన్స్‌లో, ఉండేది. స్టీవెన్ మే, జేక్ లీవర్ లాంటి డిఫెండర్లు తమ మనిషిని వదిలేసి, పైనుంచి వచ్చే బాల్‌ని మధ్యలోనే అందుకునేవాళ్ళు. మిడ్‌ఫీల్డ్‌లో పెట్రాకా, ఆలివర్, వైనీ, వాళ్ళ ముందు రక్‌లో (అంపైర్ పైకి పంపిన బాల్‌ని ఎగిరి తట్టే పొడుగు ఆటగాడి స్థానం) మ్యాక్స్ గాన్, నేల మీద బాల్ కోసం జరిగే కుమ్ములాటలో వీళ్ళని మించిన గుంపు అప్పట్లో లేదు. ఇలాంటి టీమ్‌కి తేలికైన లెక్క ఏంటంటే, బాల్ ఎక్కడో మధ్యలో పోగొట్టుకునే రిస్క్ తీసుకోకు, దూరంగా ముందుకి కొట్టు, పోతే పోనీ, అవతలివాడు కంగారుగా బయటికి కొడతాడు, వెనక మన లీవర్ ఉన్నాడు, మళ్ళీ అందుకుని మళ్ళీ లోపలికి కొడదాం. బౌండరీ వైపు కొడితే ఇంకా సేఫ్, తేడా వచ్చినా బాల్ గ్రౌండ్ బయటికి పోతుంది, అవతలివాడికి కారిడార్‌లోంచి, అంటే గ్రౌండ్ నడిమధ్య నుంచి, పరిగెత్తే దారి దొరకదు. టెరిటరీ గెలుస్తూ, అంటే బాల్‌ని అవతలివాళ్ళ సగంలోనే ఉంచుతూ, ఉంటే స్కోరు దానంతటదే వస్తుందనే నమ్మకం. 2021లో ఆ నమ్మకం నిజమైంది.

కానీ ఈ పద్ధతికి ఒక ఖర్చుంది. బాల్ నెమ్మదిగా, పక్కనుంచి, ఎత్తుగా వస్తోందని అవతలివాళ్ళకి ముందే తెలిస్తే, వాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని అదనంగా వెనక్కి దింపేస్తారు. అప్పుడు నీ ఫార్వర్డ్ ఒక్కడు, చుట్టూ ముగ్గురు, బాల్ గాల్లో మూడు సెకన్లు, ఎవడో ఒకడు పిడికిలితో గుద్ది స్పాయిల్ చేస్తాడు. బౌలర్ ఒకే చోట వేస్తున్నాడు, కెప్టెన్ ఫీల్డర్లందర్నీ డీప్ మిడ్‌వికెట్‌లో పెట్టాడు, అయినా బ్యాట్స్‌మన్ అక్కడికే లేపుతున్నాడు అనుకోండి, అలా ఉంటుంది.

2021 గ్రాండ్ ఫైనల్ మళ్ళీ చూడండి, నా వాదనకి అసలు సాక్ష్యం అందులోనే ఉంది. పెర్త్‌లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ మీద మూడో క్వార్టర్‌లో 19 పాయింట్లు వెనకపడి, చివరికి 140-66తో, అంటే 74 పాయింట్ల తేడాతో గెలిచారు. 1964 తర్వాత మొదటి కప్పు. పెట్రాకాకి నార్మ్ స్మిత్ మెడల్ (గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది), బేలీ ఫ్రిచ్‌కి 6 గోల్స్. ఆ వరద ఎక్కడ మొదలైందో గమనించారా, సెంటర్ బౌన్స్ దగ్గర, అంటే గోల్ పడ్డాక గ్రౌండ్ మధ్యలో అంపైర్ బాల్‌ని పైకి పంపి ఆట మళ్ళీ మొదలుపెట్టే చోట. 2019లో వచ్చిన 6-6-6 రూల్ ప్రకారం సెంటర్ బౌన్స్ టైమ్‌లో రెండు టీమ్‌లూ ఒక్కో ఫిఫ్టీలో ఆరుగురిని, మధ్యలో ఆరుగురిని ఉంచాలి, అంటే ఆ క్షణంలో అవతలివాడు అదనపు డిఫెండర్‌ని దింపలేడు. గాన్ లేదా రెండో రక్‌మన్ ల్యూక్ జాక్సన్ కిందకి తట్టడం, పెట్రాకా లేదా ఆలివర్ అందుకుని పరిగెత్తడం, రెండు మూడు సెకన్లలో బాల్ లోపల. ఫార్వర్డ్‌కి చుట్టూ ఖాళీ ఉంది, లీడ్ చేసే, అంటే బాల్‌కి ఎదురు పరిగెత్తే చోటుంది.

ఖాళీ ఉన్నప్పుడు ఈ టీమ్ గోల్స్ కొట్టింది, గుంపు ఉన్నప్పుడు ఇరుక్కుపోయింది. నా దృష్టిలో మొత్తం కథ ఇదే. ఆ తర్వాత రెండేళ్ళు ప్రత్యర్థులు చేసిందల్లా ఆ గుంపుని తయారుచేయడం. ఇంకో పక్క లీవర్ ఉన్న వైపు పైకి కొట్టడం మానేసి, పొట్టి కిక్స్‌తో బాల్‌ని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిప్పుతూ బయటపడటం నేర్చుకున్నారు. దాంతో రెండో అంచె ఆదాయం, అంటే మధ్యలో అందుకుని మళ్ళీ లోపలికి కొట్టడం కూడా తగ్గింది.

మరి క్లబ్ ఏం చేసింది? మనిషిని మార్చి చూసింది. 2022 తర్వాత జాక్సన్ ఫ్రీమాంటిల్ వెళ్ళిపోయాడు, కాలింగ్‌వుడ్ నుంచి బ్రోడీ గ్రండీని తెచ్చారు, ఇద్దరు పెద్ద రక్‌మెన్‌లో ఒకడు ఫార్వర్డ్‌లో ఉంటాడని ఆలోచన. గ్రండీ మంచి రక్‌మన్, కానీ ఫార్వర్డ్ ఆట అతనిది కాదు, సీజన్ సగంలో వీఎఫ్ఎల్‌కి (కింది స్థాయి లీగ్‌కి) పంపారు, ఏడాది తిరక్కుండా సిడ్నీకి ట్రేడ్ చేశారు. పొడవాటి మనిషిని లోపల నిలబెడితే ఎత్తు బాల్స్ పడతాడు అనుకోవడం, కోచింగ్‌లో నేను చూసిన అన్ని స్థాయిల్లోనూ మొదట తట్టే మందు. అది రోగాన్ని ఇంకాస్త పెంచుతుంది, ఎందుకంటే పొడుగువాడు కనిపిస్తే మిడ్‌ఫీల్డర్ తల కూడా ఎత్తకుండా అతని వైపే కొట్టేస్తాడు.

మా క్లబ్ సంగతి చెప్తా. టార్నీట్, ట్రుగనీనా చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి, వాళ్ళ పిల్లలు కొందరు ఇప్పుడు ఫుటీ ఆడుతున్నారు. క్రికెట్ ఆడిన చేతులు కాబట్టి క్యాచింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది, మార్క్ తేలిగ్గా పట్టేస్తారు. ఒక సీజన్ జూనియర్స్‌లో మాకు మిగతావాళ్ళకంటే తలంత ఎత్తున్న అబ్బాయి ఫుల్ ఫార్వర్డ్. బాల్ ఎవరి చేతికొచ్చినా అతని మీదకే లేపడం, బౌండరీ బయట నాన్నలు, బాబాయిలు "కొట్టు కొట్టు" అని అరవడం. మొదటి కొన్ని వారాలు గోల్స్ వచ్చాయి, తర్వాత ప్రతి టీమ్ అతనికి ముందొకణ్ణి వెనకొకణ్ణి పెట్టేసింది, మా చార్ట్‌లో లోపలికెళ్ళిన బాణం గుర్తులన్నీ ఒకే చోట గుట్టగా పడేవి. అప్పుడు ట్రైనింగ్‌లో ఒక రూల్ పెట్టాం, తలపైకి వచ్చే కిక్‌కి స్కోర్ లెక్కలోకి రాదు, ఛాతీకి తగిలే ఫ్లాట్ కిక్ అయితేనే గోల్. కొడుకు ఎత్తుకి ఈ రూల్ ఏంటని వాళ్ళ నాన్న నాతో చాలాసేపు వాదించారు, తర్వాత ఆయనే చార్ట్ రాయడానికి సాయం వచ్చారు. ఆ అబ్బాయి నిలబడటం మానేసి గోల్ నుంచి బయటికి పరిగెత్తడం, అంటే లీడ్ చేయడం నేర్చుకున్నాడు. అతను కదిలితే డిఫెండర్లు ఇద్దరూ కదులుతారు, వెనక ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలోకి చిన్నవాళ్ళు వస్తారు. ఇన్‌సైడ్ ఫిఫ్టీలు తగ్గాయి, గోల్స్ పెరిగాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది అన్ని రోజులకీ పనికొచ్చే సూత్రం కాదు. జూలైలో వాన పడి గ్రౌండ్ బురదగా ఉన్నప్పుడు, బాల్ సబ్బులా జారుతున్నప్పుడు, పొట్టి కిక్స్‌తో కళాత్మకంగా వెళ్దాం అంటే మధ్యలోనే పోగొట్టుకుంటారు. అప్పుడు దూరంగా ముందుకి కొట్టి, కింద పడ్డ బాల్ కోసం చిన్న ఫార్వర్డ్స్‌ని పెట్టడమే కరెక్ట్. అలాగే పైకి కొట్టినా నష్టం లేని పద్ధతి ఒకటుంది, పొడుగువాళ్ళలో ఒక్కడే ఎగరాలి, మిగతావాళ్ళు కింద ముందూ వెనకా కాచుకోవాలి. మెల్‌బోర్న్‌కి కొసయా పికెట్ లాంటి అద్భుతమైన చిన్న ఫార్వర్డ్ ఉన్నాడు, అయినా చాలాసార్లు ఇద్దరు ముగ్గురు పొడుగువాళ్ళు ఒకే బాల్‌కి ఎగిరి ఒకరి మార్క్ ఒకరు చెడగొట్టుకునేవాళ్ళు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

మార్చుకోవడం అసాధ్యమా అంటే కాదు, జీలాంగ్ మార్చుకుంది. ఏళ్ళ తరబడి నెమ్మదిగా, చిన్న చిన్న కిక్స్‌తో బాల్‌ని కాపాడుకుంటూ ఆడి, హోమ్ అండ్ అవే సీజన్ (ఫైనల్స్‌కి ముందు జరిగే మామూలు సీజన్) అంతా గెలిచి, ఫైనల్స్‌లో చిక్కుకుపోయే టీమ్ అది. 2021 ప్రిలిమినరీ ఫైనల్‌లో (గ్రాండ్ ఫైనల్‌కి ముందు మ్యాచ్) జీలాంగ్ ఇదే మెల్‌బోర్న్ చేతిలో 83 పాయింట్లతో చిత్తయింది. ఆ ఓటమి తర్వాత జీలాంగ్ కోచ్ క్రిస్ స్కాట్ టీమ్‌లో పెద్దవాళ్ళని తీసేయలేదు, బాల్ కదిలే వేగం మార్చాడు. మధ్యలోంచి త్వరగా వెళ్ళడం, పొడుగు ఫార్వర్డ్స్ హాకిన్స్, కామెరన్‌లకి గుంపు చేరకముందే బాల్ అందించడం, కింద పడేవాటికి చిన్న ఫార్వర్డ్ టైసన్ స్టెంగిల్‌ని తెచ్చుకోవడం. 2022 గ్రాండ్ ఫైనల్‌లో సిడ్నీని 133-52తో, 81 పాయింట్ల తేడాతో ఓడించారు. రిస్క్ పెరిగింది, మధ్యలో పోగొట్టుకున్న బాల్ తిరిగి మన గోల్‌లోకే రావచ్చు, ఆ రిస్క్‌ని వాళ్ళు కావాలనే ఒప్పుకున్నారు. మెల్‌బోర్న్ కూడా 2024లో, 2025లో వేగంగా ఆడటానికి ప్రయత్నించింది, కానీ అప్పటికి వెనక గోడ అంత గట్టిగా లేదు. 2024 కింగ్స్ బర్త్‌డే మ్యాచ్‌లో పెట్రాకా ప్లీహానికి ప్రమాదకరమైన గాయమై మిగతా సీజన్ దూరమయ్యాడు. రెండేళ్ళూ 14వ స్థానం.

మీరు అడగలేదు గానీ ఇంకో బలహీనత గురించి చెప్పకపోతే సమాధానం సగమే అవుతుంది, ఊపు అవతలివాళ్ళ వైపు తిరిగినప్పుడు ఆటని ఆపలేకపోవడం. 2025 జూలైలో సెయింట్ కిల్డా మ్యాచ్. మూడో క్వార్టర్ అయ్యేసరికి మెల్‌బోర్న్ 46 పాయింట్ల ముందుంది. చివరి క్వార్టర్‌లో సెయింట్ కిల్డా గోల్ మీద గోల్, స్కోర్ సమం, 8 సెకన్లు మిగిలాయి, సెంటర్ బౌన్స్. అక్కడ మెల్‌బోర్న్ మనుషులు 6-6-6 ప్రకారం నిలబడలేదు, ఫ్రీ కిక్ ఇచ్చారు, బాల్ నేరుగా నసాయా వంగనీన్-మిలెరా చేతుల్లోకి, సైరన్ తర్వాత గోల్. మూడో క్వార్టర్ చివర ఉన్న లోటుని పూడ్చి గెలిచిన మ్యాచ్‌ల్లో లీగ్ చరిత్రలో అదే పెద్దది. అందరూ ఆ ఫ్రీ కిక్ గురించే మాట్లాడారు, నాకు మాత్రం దానికి ముందు ఇరవై నిమిషాలే బాధ కలిగించాయి. 46 ముందున్న టీమ్ ఏం చేయాలి? మార్క్ పట్టాక టైమ్ తీసుకోవాలి, 15 మీటర్ల సేఫ్ కిక్స్‌తో బాల్‌ని మన దగ్గరే ఉంచుకోవాలి, రూల్ ఒప్పుకునేంతలో స్టాపేజ్ (ఆట ఆగి అంపైర్ మళ్ళీ బాల్ వేసే సందర్భం) దగ్గర మనుషుల్ని వెనక్కి జరపాలి. ఎప్పుడూ దూరంగా ముందుకి కొట్టడమే అలవాటైన టీమ్‌కి ఈ నెమ్మది ఆట చేతికి రాదు. కొట్టిన ప్రతిసారీ బాల్ అవతలివాళ్ళకి దొరికి తిరిగొస్తుంది. అంటే ఇది కూడా వేరే జబ్బు కాదు, పైన చెప్పిన జబ్బుకి ఇంకో ముఖం. దాని తర్వాత కొద్ది రోజులకే గుడ్‌విన్‌ని తప్పించారు.

కోచ్ లోపమా అని అడిగారు కదా. డిజైన్ ఆయనది, కాబట్టి బాధ్యత ఉంది. కానీ 57 ఏళ్ళ తర్వాత కప్పు తెచ్చింది కూడా ఆ డిజైనే, ఆ మనిషికి ఆ గౌరవం ఇవ్వాల్సిందే. ఇప్పుడు కోచ్‌గా స్టీవెన్ కింగ్ వచ్చాడు, పెట్రాకా గోల్డ్ కోస్ట్‌కి, ఆలివర్ జీడబ్ల్యూఎస్‌కి (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) వెళ్ళిపోయారు. కుమ్ములాట గెలిచే పాత ఇంజిన్ లేదు, ఇక పాత పద్ధతిలో ఆడటానికి కారణం కూడా లేదు.

టీవీలో ఏం చూడాలంటే, కష్టం ఏంటంటే టీవీ కెమెరా బాల్ వెంట తిరుగుతుంది, అసలు విషయం బాల్ లేని చోట ఉంటుంది. అయినా ఒకటి చేయొచ్చు, మెల్‌బోర్న్ ప్లేయర్ ఆర్క్ దగ్గరికి రాగానే స్కోరు చూడకండి, అతని తల చూడండి. తల పైకెత్తి ఒక క్షణం వెతికాడా, లేక అందుకోగానే బూటుకి తగిలించేశాడా? తర్వాత బాల్ పడే చోట ఎంతమంది అవతలి జెర్సీలున్నాయో లెక్కపెట్టండి. ఒక్క క్వార్టర్ కాగితం మీద రాసుకుంటే చాలు, మూడు గడులు: గోల్ ఎదురుగా పడిందా పాకెట్‌లో పడిందా, లీడ్ చేస్తున్నవాడికా నిలబడ్డవాడికా, చివరికి ఏమైంది. వీలైతే ఎంసీజీకి వెళ్ళినప్పుడు పక్క స్టాండ్ కాకుండా గోల్ వెనకాల పై అంతస్తులో సీట్ తీసుకోండి, మామూలుగా ఆ టికెట్లు చౌక కూడా. అక్కడి నుంచి బాల్ మధ్యలో ఉండగానే ఫార్వర్డ్స్ ఎటు కదులుతున్నారో, వాళ్ళ చుట్టూ ఎప్పుడు గుంపు చేరుతోందో మొత్తం కనిపిస్తుంది. మీరు రాసిన కాగితం ఇక్కడ ఫోటో పెడితే కలిసి చూద్దాం.